ప్లేట్లో గెలిచి వార్డులో ఓడిన మందులు: పాత యాంటీవైరల్స్, కొత్త కరోనా – తరచుగా అడిగే ప్రశ్నలు

కొన్నేళ్ళు సెల్ కల్చర్ గదిలో, అంటే ప్రయోగశాల ప్లాస్టిక్ ప్లేట్లలో కణాలని పెంచేచోట పనిచేసిన పాపానికి, పాత మందులు కరోనాకి పనికొస్తాయా అని 2020 నుంచి చుట్టాలూ స్నేహితులూ నన్ను అడుగుతున్న ప్రశ్నలివి. వేరే వైరస్ వార్త వచ్చినప్పుడల్లా మళ్ళీ ఇవే వస్తున్నాయి. ప్రతిసారీ ఫోన్లో మొదటినుంచీ చెప్పే ఓపిక లేక ఒకచోట రాసి పెడుతున్నాను. కొన్నిటికి జవాబు పెద్దది, కొన్నిటికి రెండు ముక్కలు చాలు.

ఉన్న మందునే కొత్త జబ్బుకి వాడటం కొత్త ఆలోచనా?

కాదు. ఎయిడ్స్‌కి వచ్చిన మొట్టమొదటి మందు ఏజెడ్‌టీని 1964లో తయారుచేసింది క్యాన్సర్ కోసం. క్యాన్సర్ మీద పనిచేయలేదు, అటక ఎక్కింది. ఇరవై ఏళ్ళ తర్వాత దించి చూస్తే హెచ్‌ఐవీని ఆపింది, 1987లో అమెరికాలో అనుమతి వచ్చింది.

పాత మందుతో లాభం ఏమిటంటే, అది మనిషి ఒంట్లోకి వెళ్ళి ఏం చేస్తుందో ముందే తెలుసు. ఎంత మోతాదు తట్టుకుంటారు, కాలేయానికి ఏమవుతుంది, ఎవరికి ఇవ్వకూడదు అన్నవన్నీ పుస్తకంలో ఉంటాయి. ఫ్యాక్టరీలో తయారయ్యే దారీ ఉంటుంది. కొత్త మందుకి పదేళ్ళు పట్టేచోట ఇది నెలల్లో రోగి పడక దాకా వెళ్ళగలదు. జనం చచ్చిపోతున్నప్పుడు ఆ తేడా చిన్నది కాదు. అందుకే 2020లో ప్రపంచమంతా ముందు మందుల అలమర మీద పడింది.

మొదట ఎవరు ఏ మందులు పరీక్షించారు?

అందరి నోళ్ళలో పడ్డది 2020 ఫిబ్రవరి 4న 'సెల్ రీసెర్చ్' పత్రికలో వచ్చిన ఒక చిన్న ఉత్తరం. పూర్తి వ్యాసం కూడా కాదు. వూహాన్ వైరాలజీ సంస్థ వాళ్ళూ, బీజింగ్‌లోని ఔషధ పరిశోధన సంస్థ వాళ్ళూ కలిసి రాశారు. ఏడు మందులు: రిబావిరిన్, పెన్సిక్లోవిర్, ఫావిపిరావిర్, నాఫామోస్టాట్, నిటాజోక్సనైడ్, రెమ్‌డెసివిర్, క్లోరోక్విన్. ఇందులో అన్నీ యాంటీవైరల్స్ కావు. క్లోరోక్విన్ మలేరియాది, నిటాజోక్సనైడ్ విరేచనాల పురుగులది, నాఫామోస్టాట్ జపాన్‌లో క్లోమం వాపుకి ఇచ్చేది.

వైరస్ పెరుగుదలని సగానికి తగ్గించడానికి ఎంత మందు కావాలో వాళ్ళకి వచ్చిన లెక్క ఇది. అంకె ఎంత చిన్నదైతే మందు అంత బలమైనది. రెమ్‌డెసివిర్ 0.77 మైక్రోమోలార్ (ద్రవంలో మందు గాఢతకి కొలమానం), క్లోరోక్విన్ 1.13, నిటాజోక్సనైడ్ 2.12, నాఫామోస్టాట్ 22.50, ఫావిపిరావిర్ 61.88, పెన్సిక్లోవిర్ 95.96, రిబావిరిన్ 109.50.

ఈ ఏడంకెలు గుర్తుంచుకోండి. తర్వాత రెండేళ్ళలో జరిగిన రభసలో సగం ఇక్కడే మొదలైంది. ఇందులో ఒక్క అంకె కూడా తప్పు కాదని నా ఉద్దేశం. మరి తేడా ఎక్కడ వచ్చింది? ప్రతి అంకె పక్కనా రెండు ప్రశ్నలు వేసుకోవాలి: ఏ కణంలో? ఎంత మందుతో? ఆ రెండూ వార్తల్లోకి రాలేదు.

ఆ ప్రయోగం అసలు ఎలా చేస్తారు?

అరచేతిలో పట్టే ప్లాస్టిక్ ప్లేటు ఊహించుకోండి. పన్నెండు నిలువు, ఎనిమిది అడ్డం, మొత్తం తొంభై ఆరు గుంటలు. ఇడ్లీ రేకు లాంటిదే గానీ, ఒక్కో గుంట చిటికెన వేలి గోరంత. అందులో గులాబీ రంగు ద్రవం, దాని అడుగున కంటికి కనపడని ఒక పొరగా కణాలు. 37 డిగ్రీల వేడి, 5 శాతం కార్బన్ డయాక్సైడ్ ఉండే ఇంక్యుబేటర్లో రాత్రంతా ఉంచితే అవి నేలకి అంటుకుని, మైక్రోస్కోపులో చూస్తే బండలు పరిచిన ముంగిలిలా కనిపిస్తాయి.

వూహాన్ వాళ్ళు ముందు కణాలకి ఒక గంట మందు పట్టించారు. తర్వాత వైరస్ వేశారు, సుమారుగా ఇరవై కణాలకి ఒక వైరస్ చొప్పున. రెండు గంటలయ్యాక వైరస్ ఉన్న ద్రవం తీసేసి, మందు కలిపిన కొత్త ద్రవం పోశారు. 48 గంటలకి పైనున్న ద్రవంలో వైరస్ ఆర్‌ఎన్‌ఏ ఎంత ఉందో పీసీఆర్‌తో కొలిచారు. కొందరు పీసీఆర్ బదులు బతికి ఉన్న కణాలకి ఊదా రంగు వేసి చూస్తారు. వైరస్ తిన్నచోట రంగు అంటదు. ఊదా పొర మీద తెల్లటి చుక్కలు పడతాయి, వాటిని పెన్ను పెట్టి లెక్కపెట్టడమే.

ఈ పనంతా బీఎస్‌ఎల్-3 అనే కట్టుదిట్టమైన గదిలోనే చేయాలి. నేను అంత ప్రమాదకరమైన వైరస్‌లతో ఎప్పుడూ చేయలేదు, మామూలు గదిలోనే. అక్కడా తప్పులు జరుగుతాయి. ఒకసారి ఒక రసాయనం కణాలని అద్భుతంగా చంపేస్తోందని సంబరపడ్డాం. రెండు రోజుల తర్వాత తెలిసింది, చంపింది రసాయనం కాదు, దాన్ని కరిగించడానికి వాడిన డీఎంఎస్‌ఓ. ఎవరో పదింతలు పోశారు. (ఎవరో కాదు, నేనే.)

ఈసీ50, సెలెక్టివిటీ ఇండెక్స్ అంటే?

వైరస్‌ని సగానికి తగ్గించే గాఢత ఈసీ50. కణాల్లో సగాన్ని చంపే గాఢత సీసీ50. రెండో దాన్ని మొదటి దాంతో భాగిస్తే వచ్చేది సెలెక్టివిటీ ఇండెక్స్. రెమ్‌డెసివిర్ 100 మైక్రోమోలార్ దాకా ఇచ్చినా కణాలు సగం చావలేదు. 100ని 0.77తో భాగిస్తే 129.87. అంటే వైరస్‌కి విషం, కణానికి కాదు, మధ్యలో కనీసం 129 రెట్ల ఎడం ఉందన్నమాట.

బ్లీచింగ్ పౌడర్ కూడా ప్లేట్లో వైరస్‌ని చంపుతుంది. కానీ దానికి ఆ ఎడం ఉండదు. అందుకే "వైరస్‌ని 99 శాతం చంపింది" అన్న మాట ఒక్కటే చెప్తే ఏమీ చెప్పనట్టే.

కోతి మూత్రపిండాల కణాలు ఎందుకు వాడారు? జబ్బు ఊపిరితిత్తులది కదా?

మంచి ప్రశ్న. ఈ మొత్తం కథలో ముడి ఇక్కడే ఉంది.

ఆ కణాల పేరు వెరో. 1962లో జపాన్‌లోని చిబా విశ్వవిద్యాలయంలో ఆఫ్రికన్ గ్రీన్ మంకీ మూత్రపిండం నుంచి తీశారు. ఎస్పెరాంటో భాషలో 'ఆకుపచ్చ మూత్రపిండం' అన్న రెండు మాటల్లోంచి ఆ పేరు కట్టారు. అదే భాషలో వెరో అంటే 'సత్యం' అని కూడా. కణాలు సత్యమే చెప్తాయి గానీ, వాటి సంగతి మటుకే చెప్తాయి.

వీటిని వాడటానికి కారణం తేలిక. ఇవి ఇంటర్‌ఫెరాన్ తయారు చేసుకోలేవు. వైరస్ వచ్చినప్పుడు కణం పక్కవాళ్ళకి కొట్టే దండోరా లాంటిది ఇంటర్‌ఫెరాన్. దండోరా లేని ఊళ్ళో దొంగకి అడ్డేముంది? వైరస్ ఇట్టే పెరుగుతుంది. పెంచడానికి, కొలవడానికి ఇంతకన్నా సుఖమైన కణం దొరకదు. హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్ళు 2020లో కరోనా వైరస్‌ని ప్రయోగశాలలో పెంచిందీ వెరో కణాల్లోనే. కొత్త వైరస్ వచ్చినప్పుడు మొదటి నెలలో వెరోలో పరీక్షించడం తప్పు కాదు. మొదటి నెల దాటాక కూడా ఆ అంకెనే పట్టుకు వేలాడటం తప్పు.

క్లోరోక్విన్ అంత బాగా పనిచేసింది కదా, మనుషుల్లో ఎందుకు తుస్సుమంది?

ఈ వైరస్ కణంలోకి వెళ్ళడానికి రెండు దారులున్నాయి. వీధి గుమ్మం ఒకటి: కణం పైపొర మీద టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అనే కత్తెర లాంటి ఎంజైమ్ ఉంటుంది, అది వైరస్ ముల్లుని కత్తిరిస్తే అక్కడికక్కడే లోపలికి దూరుతుంది. రెండోది పెరటి గుమ్మం: కణం వైరస్‌ని చిన్న సంచిలో పెట్టి మింగుతుంది, ఆ సంచిలో పులుపు పెరిగాక కెథెప్సిన్ అనే ఇంకో కత్తెర పని మొదలుపెడుతుంది.

క్లోరోక్విన్ చేసేది ఆ సంచిలో పులుపు తగ్గించడం. అంటే పెరటి తలుపుకి గొళ్ళెం పెట్టడం. వెరో కణాల్లో వీధి గుమ్మం దాదాపు లేదు, టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 అక్కడ బహు తక్కువ. ఉన్న ఒక్క తలుపూ మూసేస్తే వైరస్ ఎటు వెళ్తుంది? 1.13 అనే అందమైన అంకె అలా వచ్చింది.

మన ఊపిరితిత్తుల కణాల్లో వీధి తలుపు బార్లా తీసి ఉంటుంది. 2020 జులైలో 'నేచర్'లో జర్మనీ శాస్త్రవేత్తలు ఇదే చూపించారు. మనిషి ఊపిరితిత్తుల నుంచి వచ్చిన కాలు-3 కణాల్లో క్లోరోక్విన్ వైరస్‌ని ఆపలేదు. (పేరు కాలు, కణం ఊపిరితిత్తిది. తెలుగువాళ్ళకి చెప్పేటప్పుడు ప్రతిసారీ ఇక్కడ ఎవరో ఒకరు నవ్వుతారు.) అదే సంచికలో కోతుల మీద, క్లోరోక్విన్‌కి దగ్గరి చుట్టమైన హైడ్రాక్సీక్లోరోక్విన్ కూడా పనిచేయలేదని ఫ్రెంచ్ వాళ్ళు రాశారు.

కానీ అప్పటికే ఆలస్యమైంది. 2020 మార్చిలో మన ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ఆరోగ్య సిబ్బందికి ముందుజాగ్రత్తగా హైడ్రాక్సీక్లోరోక్విన్ తీసుకోమంది. మార్చి 28న అమెరికా ఎఫ్‌డీఏ అత్యవసర అనుమతి ఇచ్చి, జూన్ 15న వెనక్కి తీసుకుంది. బ్రిటన్‌లో జరిగిన రికవరీ ట్రయల్‌లో, అంటే ఆసుపత్రి రోగుల మీద జరిపిన పెద్ద పరీక్షలో, మందు ఇచ్చిన 1,561 మందిలో 28 రోజుల్లో 27 శాతం చనిపోయారు. ఇవ్వని 3,155 మందిలో 25 శాతం. మేలు లేదు.

నాకు దీని మీద కోపం ఎందుకంటే, క్లోరోక్విన్‌కి ఇది మొదటి మోసం కాదు. ప్లేట్లో అది డెంగీనీ ఆపింది, ఫ్లూనీ ఆపింది, చికున్‌గున్యానీ ఆపింది. 2006లో మన పల్లెల్లో జనం కీళ్ళ నొప్పులతో మంచం పట్టిన రోజుల్లోనే, అదే చికున్‌గున్యా విరుచుకుపడ్డ రీయూనియన్ దీవిలో రోగులకి క్లోరోక్విన్ ఇచ్చి చూశారు. పనిచేయలేదు సరికదా, మందు వాడినవాళ్ళే నెలల తర్వాత ఎక్కువగా కీళ్ళ నొప్పులని చెప్పారు. ఈ చరిత్ర వైరాలజీ వాళ్ళకి తెలిసిందే.

మరి ప్లేట్లో ఓడి నిజంగా పనికొచ్చే మందులూ ఉంటాయా?

ఉంటాయి. ఆ ఏడు మందుల పట్టికలో నాఫామోస్టాట్ చూడండి: 22.50, ఎవరూ పట్టించుకోని అంకె. కానీ నాఫామోస్టాట్ చేసే పని టీఎంపీఆర్‌ఎస్‌ఎస్2 కత్తెరని ఆపడం. ఆ కత్తెరే లేని వెరోలో అది ఏం చేస్తుంది పాపం! కాలు-3 కణాల్లో పెడితే వెయ్యి రెట్ల కన్నా ఎక్కువ బలంగా కనిపించింది. మందు అదే, వైరస్ అదే, మారింది కణం మాత్రమే.

అలాగని అది కోవిడ్ మందు అయిపోలేదు. రక్తంలో నిమిషాల్లో విరిగిపోతుంది, సెలైన్‌లా ఆపకుండా ఎక్కిస్తూ ఉండాలి. మనుషుల్లో చెప్పుకోదగ్గ ఫలితం తేలలేదు.

నులిపురుగుల మందు ఐవర్‌మెక్టిన్ వైరస్‌ని 5,000 రెట్లు తగ్గించిందని చదివాం. అది అబద్ధమా?

అబద్ధం కాదు. 2020 ఏప్రిల్‌లో ఆస్ట్రేలియాలో మెల్‌బోర్న్ శాస్త్రవేత్తలు 'యాంటీవైరల్ రీసెర్చ్' పత్రికలో ప్రచురించిందే. వెరో జాతి కణాలకి 5 మైక్రోమోలార్ ఐవర్‌మెక్టిన్ ఇస్తే 48 గంటల్లో వైరస్ ఆర్‌ఎన్‌ఏ సుమారు 5,000 రెట్లు తగ్గింది.

ఇప్పుడు రెండో ప్రశ్న వేద్దాం: ఎంత మందుతో? కాగితం తీసుకుని లెక్క వేయండి, ఇంటర్ కెమిస్ట్రీ చాలు. ఐవర్‌మెక్టిన్ అణుభారం సుమారు 875. 5 మైక్రోమోలార్ అంటే ఒక మిల్లీలీటరులో దాదాపు 4,375 నానోగ్రాములు. మనం 12 మిల్లీగ్రాముల మాత్ర వేసుకుంటే రక్తంలో అత్యధికంగా చేరేది మిల్లీలీటరుకి సుమారు 47 నానోగ్రాములు. భాగించండి, 93 రెట్లు తేడా. పైగా రక్తంలో చేరినదాంట్లో తొంభై శాతానికి పైగా ప్రొటీన్లకి అతుక్కుని ఉంటుంది, కణం లోపలికి వెళ్ళేది మిగతాదే.

తొంభై మాత్రలు ఒకేసారి మింగితే? నరాల మీద దెబ్బ పడుతుంది. ఆ ప్రయోగం చేసినవాళ్ళు కూడా మనిషికి సరిపడే మోతాదు తేల్చాలనే రాశారు. ఆ వాక్యం ఫార్వర్డుల్లో రాలేదు. తర్వాత బ్రెజిల్‌లో 1,358 మంది మీద జరిగిన టుగెదర్ ట్రయల్, 2022 మార్చిలో ఫలితం: ఆసుపత్రిలో చేరే అవసరం తగ్గలేదు.

ఐవర్‌మెక్టిన్ మీద ద్వేషం అక్కర్లేదు. నులిపురుగులకి, గజ్జికి అది బంగారం లాంటి మందు. దాన్ని కనిపెట్టినవాళ్ళకి 2015లో నోబెల్ వచ్చింది, న్యాయంగానే వచ్చింది.

మనోవ్యాధి మందులు, అలర్జీ మందులు, గుండె మందులు... ఇన్ని మందులు ప్లేట్లో ఎలా పనిచేశాయి?

2020లో వేల మందులని రోబోలతో జల్లెడ పట్టారు. ఒకదానితో ఒకటి సంబంధం లేని మందులు వరసగా తేలడం మొదలైంది. ప్రయోగశాలలో అనుభవం ఉన్నవాళ్ళకి అప్పుడే అనుమానం రావాలి. పది ఊళ్ళ దొంగలూ ఒకే ఇంట్లో పట్టుబడితే ఆ ఇంట్లోనే ఏదో ఉందన్నమాట.

2021 జూన్‌లో 'సైన్స్'లో జవాబు వచ్చింది. ఈ మందుల్లో చాలావాటికి ఒకే పోలిక ఉంది: ఒక చివర కొవ్వులో కరిగే భాగం, ఇంకో చివర ధనావేశం. అలాంటి అణువులు ఎక్కువ మోతాదులో కణం లోపలి పులుపు సంచుల్లో పేరుకుపోయి, కొవ్వుల అమరికని చెడగొడతాయి. దీన్ని ఫాస్ఫోలిపిడోసిస్ అంటారు. ఈ వైరస్ పెరగడానికి కణంలోని కొవ్వు పొరలు కావాలి, అవి పాడైతే వైరస్ ఆగుతుంది. మందు వైరస్‌ని కొట్టలేదు, కణానికి జబ్బు తెచ్చింది. అద్దె ఇల్లు కూలితే కిరాయిదారు కూడా పోతాడు, అలాగ. హైడ్రాక్సీక్లోరోక్విన్‌ది కూడా ఈ కుటుంబమే. ఎలుకల్లో పెడితే ఇలాంటి మందులు వైరస్‌ని తగ్గించలేకపోయాయి.

ఆ పత్రం రాకముందు ఈ మందుల మీద ఎన్ని ట్రయల్స్ నడిచాయో, ఎంత డబ్బు పోయిందో తలుచుకుంటే ఇప్పటికీ కడుపు మండుతుంది.

హెచ్‌ఐవీ మందు లోపినావిర్ సంగతి?

అది హెచ్‌ఐవీ ప్రొటియేజ్‌కి (వైరస్ తన ప్రొటీన్లని కత్తిరించుకునే ఎంజైమ్‌కి) కొలిచి కుట్టిన చొక్కా. కరోనా ప్రొటియేజ్ ఆకారం వేరు. ప్లేట్లో పనిచేయాలంటే పదుల మైక్రోమోలార్లు కావాలి. రక్తంలో 98 శాతానికి పైగా ప్రొటీన్లకి అతుక్కుపోతుంది. రికవరీ ట్రయల్లో తేడా ఏమీ రాలేదు.

రెమ్‌డెసివిర్ చివరికి పనిచేసిందా, లేదా?

పనిచేసింది, కానీ మనం వాడినప్పుడు, వాడినవాళ్ళకి చాలామటుకు కాదు.

ముందు కణాల సంగతి. ఇక్కడ వెరో తప్పుదోవ పట్టించింది గానీ, ఎదురు దిక్కులో. రెమ్‌డెసివిర్ కణంలోకి వెళ్ళాక కణమే దాన్ని అసలు ఆయుధంగా మార్చాలి, మూడు ఫాస్ఫేట్లు తగిలించాలి. వెరో కణాలు ఆ పని బద్ధకంగా చేస్తాయి. ఇంకో పరిశోధనలో వెరోలో 1.65 మైక్రోమోలార్ కావలసి వస్తే, కాలు-3లో 0.28, మనిషి శ్వాసనాళాల నుంచి తీసిన అసలు కణాల్లో 0.01 చాలింది. మనిషి కణాల వైపు పోయే కొద్దీ క్లోరోక్విన్‌కి అంకె చెడింది, రెమ్‌డెసివిర్‌కి బాగుపడింది. ఈ తేడాని 2020లోనే చూసి ఉంటే ఏది నిలబడుతుందో చాలావరకు ఊహించొచ్చు.

దీని పుట్టుక కూడా పాత మందు కథే. ఎబోలా మీద పెట్టి చూశారు, 2019లో కాంగోలో జరిగిన ట్రయల్‌లో వేరే మందుల ముందు ఓడింది. అంతకుముందే 2017లో ఇది కరోనా కుటుంబానికే చెందిన సార్స్, మెర్స్ వైరస్‌లని కణాల్లోనూ, సార్స్‌ని ఎలుకల్లోనూ ఆపుతుందని ప్రచురించారు. అందుకే కోవిడ్ రాగానే మొదట గుర్తొచ్చింది.

మనుషుల్లోకి వస్తే: అమెరికా ఆధ్వర్యంలో 1,062 మంది మీద జరిగిన ట్రయల్లో కోలుకునే కాలం 15 రోజుల నుంచి 10కి తగ్గింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సాలిడారిటీ ట్రయల్లో వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళకి లాభం లేదు. అదే, జబ్బు మొదటి వారంలో ఇంకా ఆసుపత్రిలో చేరని, ప్రమాదం ఎక్కువున్న 562 మందికి మూడు రోజులు ఇస్తే ఆసుపత్రి పాలయ్యే అవకాశం 87 శాతం తగ్గింది. ప్లేట్లో వైరస్ కన్నా ముందే మందు పట్టించారని పైన చెప్పాను కదా. వార్డులో మనం పదో రోజున, వైరస్ పని అయిపోయి ఒంట్లో వాపు మంట రేగాక ఎక్కించాం.

హైదరాబాద్ హెటెరో 2020 జూన్‌లో అనుమతి తెచ్చుకుని కోవిఫర్ పేరుతో 100 మిల్లీగ్రాముల సీసా 5,400 రూపాయలకి తెచ్చింది. 2021 ఏప్రిల్‌లో ఆ సీసా కోసం జనం బ్లాకులో ఎన్ని రెట్లు పోశారో చదివేవాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. చాలామందికి అది అప్పటికే ఆలస్యమైన మందు.

ఫావిపిరావిర్ మొదటిరోజే 18 మాత్రలు ఎందుకు రాశారు?

పట్టికలో 61.88 చూశారుగా. అంత బలహీనమైన మందు పనిచేయాలంటే రక్తాన్ని దాంతో నింపాలి. అందుకే మొదటి రోజు 1,800 మిల్లీగ్రాములు రెండుసార్లు, 200 మిల్లీగ్రాముల మాత్రలైతే పూటకి తొమ్మిది. 2020 జూన్‌లో మార్కెట్లోకి వచ్చినప్పుడు మాత్ర 103 రూపాయలు. చౌకైన తయారీ పద్ధతి ఒకటి రూపొందించింది మన తార్నాకలోని రసాయన పరిశోధన సంస్థ ఐఐసీటీ వాళ్ళు. ఆ కెమిస్ట్రీ గొప్పదే. మందు మాత్రం కోవిడ్‌లో నిలబడలేదు. గర్భిణులకి అసలు ఇవ్వకూడదు, పిండానికి ప్రమాదం.

2-డీజీ కూడా ఇలాంటిదేనా?

2-డీజీ అంటే 2-డీఆక్సీ-డి-గ్లూకోజ్. యాంటీవైరల్ కాదు గానీ, పాత అణువే. గ్లూకోజ్‌లా కనిపించి కణాన్ని మోసం చేస్తుంది, క్యాన్సర్ కోసం దశాబ్దాలుగా చూస్తున్నారు. 2020 ఏప్రిల్‌లో రక్షణ పరిశోధన సంస్థ డీఆర్‌డీవో వాళ్ళు సీసీఎంబీ సాయంతో కణాల్లో పరీక్షించి, డాక్టర్ రెడ్డీస్‌తో కలిసి ట్రయల్స్ నడిపారు. 2021 మే 1న అత్యవసర అనుమతి. మూడో దశలో ఉన్నది 220 మంది, మూడో రోజుకి ఆక్సిజన్ అవసరం తీరినవాళ్ళు 42 శాతం, మామూలు చికిత్సలో 31. హైదరాబాద్ చెయ్యి పడ్డ మందని మనకి ముచ్చటే. కానీ 220 మంది చాలా తక్కువ, నేనైతే అంతమాత్రానికి మందుగా ఒప్పుకోను.

పసుపు, కషాయాలు కూడా ల్యాబ్‌లో వైరస్‌ని ఆపాయంటున్నారు?

పసుపులోని కర్కుమిన్ ప్లేట్లో దాదాపు దేన్నయినా ఆపుతుంది. కెమిస్టులు దాన్ని అనుమానించేదే అందుకు. పరీక్షలో వాడే ప్రొటీన్లకి అతుక్కుంటుంది, తానే మెరుస్తుంది, కొలిచే యంత్రాన్ని తికమకపెడుతుంది. పైగా తిన్నది రక్తంలోకి చేరేది అత్యల్పం. పులుసులో వేసుకోండి, అంతవరకు మంచిదే.

ప్లేట్లో ఎప్పుడూ కనపడని మందు ఏదైనా ప్రాణాలు కాపాడిందా?

డెక్సామెథాసోన్. చవకైన స్టెరాయిడ్. 2020 జూన్ 16న రికవరీ ట్రయల్ ఫలితం వచ్చింది: వెంటిలేటర్ మీద ఉన్నవాళ్ళ మరణాలు మూడోవంతు తగ్గాయి, ఆక్సిజన్ మీద ఉన్నవాళ్ళవి ఐదోవంతు. వైరస్‌ని అది ముట్టుకోదు, మన రోగనిరోధక వ్యవస్థ చేసే విధ్వంసాన్ని అణుస్తుంది. రోగనిరోధక వ్యవస్థే లేని తొంభై ఆరు గుంటల ప్లేట్లో ఇది ఎలా తేలుతుంది?

అయితే సెల్ పరీక్షలు దండగేనా?

అలా అంటే నా పాత ఉద్యోగానికి ద్రోహం. కోవిడ్‌కి ఇచ్చిన మోల్నుపిరావిర్ వేరే వైరస్‌ల కోసం అమెరికా ఎమరీ విశ్వవిద్యాలయంలో పుట్టింది. శ్వాసనాళాల కణాల్లో, తర్వాత జంతువుల్లో కరోనాని ఆపాకే మనుషుల్లోకి వచ్చింది. 2021 డిసెంబరులో మన దగ్గర అనుమతి, డాక్టర్ రెడ్డీస్ క్యాప్సూల్ అప్పట్లో 35 రూపాయలు, ఐదు రోజులకి నలభై. అయినా వైరస్ జన్యువులో తప్పులు పెట్టి చంపే మందు కాబట్టి ఐసీఎంఆర్ జాతీయ చికిత్స పద్ధతిలో చేర్చలేదు. ఆ జాగ్రత్త నాకు సబబుగానే తోచింది.

ప్యాక్స్‌లోవిడ్ అనే కోవిడ్ మందులోని నిర్మాట్రెల్విర్ అయితే 2003 సార్స్ కాలంలో మొదలుపెట్టి వదిలేసిన అణువు మీద కట్టింది. దీన్ని వెరోలో పరీక్షించినప్పుడు ఇంకో చిక్కు వచ్చింది. ఆ కణాలకి లోపలికి వచ్చిన మందుని బయటికి తోడేసే పంపులు ఎక్కువ. శాస్త్రవేత్తలు ఆ పంపుని ఆపే రసాయనం కలిపి కొలిచారు. కణం బలహీనత తెలిసి చేసిన పరీక్ష అంటే అది. ఇందులో జోడీగా ఇచ్చే రిటోనావిర్ మాత్రం లోపినావిర్‌తో ఇచ్చిన ఆ పాత హెచ్‌ఐవీ మందే. అక్కడ పనికిరాలేదు, ఇక్కడ కాలేయం మందుని విరగ్గొట్టకుండా కాపలా కాస్తోంది. దీని జెనెరిక్‌కి హెటెరో 2022 డిసెంబరులో ప్రపంచ ఆరోగ్య సంస్థ గుర్తింపు తెచ్చుకుంది.

"ల్యాబ్‌లో వైరస్‌ని చంపింది" అన్న వార్త చూస్తే ముందు ఏం వెతకాలి?

కణం పేరు. వెరో ఒక్కటే ఉంటే పేపరు మడిచేయొచ్చు. ఊపిరితిత్తులదో శ్వాసనాళాలదో మనిషి కణం ఉంటే కూర్చుని చదవండి. తర్వాత ఈసీ50 అంకె, ఆ మందు మామూలు మాత్ర వేసుకుంటే రక్తంలో చేరే గాఢత. రెండో అంకె మొదటిదానికన్నా పెద్దది కాకపోతే కథ అక్కడికి ఆగినట్టే. మందుని వైరస్ కన్నా ముందు ఇచ్చారా, తర్వాత ఇచ్చారా అన్నది మూడోది.

ఈ గోలలో అసలు రోగులకి ఇబ్బంది కలిగిందా?

మా పిన్నికి కీళ్ళవాతం. ఏళ్ళ తరబడి హైడ్రాక్సీక్లోరోక్విన్ మీదే ఉంది. 2020 మార్చి ఆఖరులో ప్రభుత్వం దాన్ని షెడ్యూల్ హెచ్1లో పెట్టి చీటీ లేకుండా అమ్మొద్దంది, కానీ అప్పటికే షాపులు ఖాళీ. పిన్ని దగ్గర చీటీ ఉంది, మందు లేదు. నేను మాస్కు కట్టుకుని నాలుగు మెడికల్ షాపులు తిరిగాను. ఒకాయన కౌంటర్ కింద నుంచి ఒక్క స్ట్రిప్పు తీసి, "ఎవరికి చెప్పకండి సార్, ఇది మా వీధి వాళ్ళకి దాచింది" అన్నాడు. పది మాత్రలు. పిన్ని రోజుకి ఒకటి వేసుకోవలసింది రోజు విడిచి రోజు వేసుకుంది. మే నెలంతా ఆమె వేళ్ళు ముడుచుకునే ఉన్నాయి, పూలు కూడా కట్టలేకపోయింది.

ఇంట్లో అప్పటి మాత్రలు మిగిలిపోయాయి, ఏం చేయమంటారు?

గడువు తేదీ చూడండి, చాలావరకు ఎప్పుడో దాటిపోయి ఉంటుంది. ఈసారి జ్వరం వస్తే పనికొస్తాయని దాచొద్దు. పిల్లలకి అందకుండా రేకులోంచి తీసి, వాడేసిన కాఫీ పొడితోనో మట్టితోనో కలిపి మూటకట్టి చెత్తలో వేయండి, సింకులో పోయొద్దు. మా ఇంట్లో ఫావిపిరావిర్ రెండు స్ట్రిప్పులు 2023 దాకా ఫ్రిజ్ మీద పాత హార్లిక్స్ సీసాలో ఉన్నాయి, మా ఆవిడ సీసా కోసం వెతుక్కుంటే బయటపడ్డాయి.